తుంగముస్త: పేర్ల వెనుక చరిత్ర



గోదావరి డెల్టాలో కాలువగట్ల వెంట నడిచేవారికి తుంగను పరిచయం చేయనక్కరలేదు. రైతుకు అది తీరని బెడద. చాపలు అల్లేవారికి జీవనాధారం. ఆయుర్వేద మూలికలు అమ్మే కొట్టులో అదే ‘తుంగముస్తలు’ అనే నల్లని చిన్న గడ్డలు. అయితే ఈ ముగ్గురూ చెప్పే తుంగ ఒకే మొక్క కాదు. మన జనం ఒక పెద్ద కుటుంబానికంతటికీ ఆ ఒక్క పేరు వాడుతూ వచ్చారు. అందులో ఏది మందు, ఏది చాప అన్న సంగతి తేలడానికి చాలాకాలం పట్టింది. ఆ కథలో మన సామర్లకోటకూ చోటుంది.

ముందుగా మొక్కను గుర్తుపట్టడం నేర్చుకుందాం. పూత మోసే కాడను రెండు వేళ్ల మధ్య పట్టుకొని తిప్పి చూడండి. గడ్డి కాడ గుండ్రంగా, కణుపులతో ఉంటుంది. చాలా గడ్డి జాతులలో లోపల బోలుగా కూడా ఉంటుంది. తుంగ కాడ మూడు పలకలుగా, కణుపులు లేకుండా, లోపల నిండుగా ఉంటుంది. ఆకులు సైతం మూడు వరుసలలో వస్తాయి. వృక్షశాస్త్రంలో దీని కుటుంబం సైపరేసి. ప్రపంచవ్యాప్తంగా ఇందులో ఐదువేలకు పైగా జాతులున్నాయి. ప్రాచీన ఈజిప్టువారు వ్రాతకు వాడిన పపైరస్ కూడా మన తుంగకు దగ్గరి బంధువే.

మన వైద్యులకు ఈ మొక్క ‘ముస్త’. చరకసంహిత ఆయా పనులకు శ్రేష్ఠమైన ద్రవ్యాలను పేర్కొన్నచోట, విరేచనాన్ని కట్టి ఆకలిని పెంచి జీర్ణం చేసేవాటిలో ముస్తకు అగ్రస్థానం ఇచ్చింది. అమరకోశం మరొక చిత్రమైన సంగతి చెబుతుంది: మేఘానికి ఉన్న పేర్లన్నీ ముస్తకు కూడా పేర్లేనట! అందుచేత వైద్యగ్రంథంలో ‘ఘన’ అనో ‘అంబుద’ అనో కనిపిస్తే అది మబ్బు కాదు, తుంగగడ్డ అని గ్రహించాలి. శ్లోకం కట్టడానికి ఈ పద్ధతి సుఖం. మొక్కను పోల్చుకోవడానికి మాత్రం గురువు చూపవలసిందే.

ఒక మొక్కకు లోకమంతటా చెల్లే రెండు మాటల పేరు ఉండాలన్న పద్ధతిని స్థిరపరచినవాడు స్వీడన్ దేశపు వైద్యుడు లిన్నేయస్. 1753లో ఆయన మన ముస్తకు ‘సైపరస్ రొటండస్’ అని పేరు పెట్టాడు. రొటండస్ అంటే గుండ్రనిది.

ఆ పద్ధతిని మన తీరానికి తెచ్చినవారిలో ముఖ్యుడు విలియం రాక్స్‌బర్గ్. ఈయనా వైద్యుడే. 1776లో ఈస్టిండియా కంపెనీ వైద్యునిగా మద్రాసు చేరి, 1781 నుంచి సామర్లకోటలో పనిచేశాడు. అక్కడ తోట వేసి మిరియం, నీలి, చెరకు వంటి పంటలపై పరిశీలనలు జరిపాడు. స్థానిక చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు గీయించాడు. 1793లో కలకత్తా వనానికి అధికారిగా వెళ్లాడు. ఆయన మరణానంతరం 1820లో శ్రీరాంపురంలో వెలువడిన ‘ఫ్లోరా ఇండికా’ మొదటి సంపుటంలోనే తుంగజాతుల వివరాలున్నాయి. ఆ గ్రంథంలో అనేక మొక్కల లాటిన్ పేర్ల పక్కన తెలుగు పేర్లు అచ్చయ్యాయి. ఆ పేర్లు ఆయనకు మన ప్రాంతపు ప్రజలు చెప్పినవే కదా!

చాపలకు పనికివచ్చే పొడుగు తుంగ వేరు జాతి అని గుర్తించి, రాక్స్‌బర్గ్ దానికి ‘సైపరస్ టెగెటమ్’ అని పేరు పెట్టాడు. లాటిన్‌లో చాపల తుంగ అని దాని భావం. అయితే అదే మొక్కకు రాట్‌బోల్ అనే డెన్మార్కు శాస్త్రజ్ఞుడు 1773లోనే ‘సైపరస్ పాంగొరీ’ అని పేరు పెట్టి ఉన్నాడు. ముందు పెట్టిన పేరే నిలుస్తుందన్నది శాస్త్రనియమం గనుక నేడు ఆ పేరే చెల్లుతోంది. బెంగాల్‌లోని మేదినీపూర్ చాపలు ఈ జాతితోనే అల్లుతారు.

మందుగడ్డల తుంగ పొట్టిది. దాని గడ్డలు నేలలో గొలుసుకట్టుగా పెరుగుతాయి. నాగలి ఆ గొలుసును తెంపితే ప్రతి ముక్కా కొత్త మొక్కవుతుంది. నీరు నిలిచిన వరిమడిలో దీని ఆటలు సాగవు. గట్లు, మెట్టచేలు, తోటలు దీని రాజ్యం. 1977లో వెలువడిన ఒక ప్రసిద్ధ గ్రంథం లోకంలోని కలుపుమొక్కలన్నిటిలో దీనికే మొదటి స్థానం ఇచ్చింది. ఇంతటి శత్రువును మన ఇల్లాళ్లు ఎండబెట్టి, కచ్చూరాలతో కలిపి నలుగుపిండిలో సువాసనకు వాడుకున్నారు!

ఇక వైద్యునిగా రెండు మాటలు. మొదటిది: తుంగలా కనిపించిన ప్రతిదాని గడ్డా ముస్త కాదు. గుర్తు తెలియని గడ్డను, కలుపుమందు కొట్టిన చేనినుంచో మురుగుకాలువ పక్కనుంచో తవ్వినదానిని లోపలికి తీసుకోకండి. గర్భిణులకు, పసివారికి వైద్యుని సలహా లేకుండా అసలే వద్దు.

రెండవది ఇంకా ముఖ్యం. చరకుడు జ్వరదాహానికి చెప్పిన షడంగపానీయంలో ముస్త, పర్పాటకం, వట్టివేరు, చందనం, కురువేరు, శొంఠి ఉంటాయి. ఈ ఆరూ వేసి మరగించి చల్లార్చిన నీటిని రోగి దప్పిక తీరేందుకు ఇవ్వమన్నాడు. అంటే ఆ ఔషధానికి ఆధారం నీరు. జ్వరంలోనూ విరేచనాలలోనూ నీళ్లు మాన్పించడం ఇప్పటికీ కొన్ని ఇళ్లలో చూస్తున్నాం. అది ప్రాణాంతకం. ముస్తకు విరేచనాలను తగ్గించే గుణం జంతువులపై ప్రయోగాలలో కనిపించింది. కానీ విరేచనాలతో శరీరం కోల్పోయిన నీటిని, లవణాలను చెంచాడు కషాయం తిరిగి ఇవ్వలేదు. 1971లో బంగావ్ శరణార్థి శిబిరంలో కలరా చెలరేగినప్పుడు, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, సోడా కలిపిన నీటిని తాగించి వేలమందిని కాపాడాడు. నేటి ఓ.ఆర్.ఎస్. పొట్లం వెనుక ఉన్నది ఆ సూత్రమే.

కాబట్టి వరదల తరువాత మీ ఇంట పసిబిడ్డకు విరేచనాలైతే కషాయం కోసం కాలయాపన చేయకండి. పొట్లంపై వ్రాసిన కొలత ప్రకారం కాచి చల్లార్చిన నీటిలో ఓ.ఆర్.ఎస్. కలిపి కొద్దికొద్దిగా తాగించండి, తల్లిపాలు ఆపకండి. బిడ్డ మగతగా ఉన్నా, కళ్లు లోతుకుపోయినా, మూత్రం తగ్గినా, మలంలో రక్తం కనిపించినా, తాగలేకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.