ముదిమికి పెద్దపీట: పాతనగరపు తాలీంఖానాలు

ముదిసిన దేహమునకు విశ్రాంతి మాత్రమే గాక మితమైన చలనము సైతము ఔషధమే యను ఎరుక హైదరాబాదు పాతనగరమునకు క్రొత్తగా అబ్బినది కాదు. చార్మినారు వెలసిన నాలుగేండ్లకు, 1595లో, మహమ్మదు కులీ కుతుబ్‌షా దారుల్‌షిఫా యను రెండంతస్తుల వైద్యశాలను కట్టించి, రోగులకు చికిత్సయు విద్యార్థులకు యూనానీ వైద్యబోధయు ఒక్క ప్రాంగణముననే జరుగునట్లు ఏర్పరచెను. ఆరోగ్యమునకు అనివార్యములని ఆ వైద్యము చెప్పు ఆరు హేతువులలో దేహముయొక్క చలనవిశ్రాంతులు ఒకటి, మనస్సుయొక్క చలనవిశ్రాంతులు మరియొకటి. ఆ సంప్రదాయమునకు ఆచార్యుడైన ఇబ్న్ సీనా తన వైద్యగ్రంథమున వృద్ధుల దినచర్యకై ప్రత్యేక ప్రకరణము రచించి, వ్యాయామమును మర్దనమును వారి వారి బలమును బట్టి విధించెను. మన ఆయుర్వేదాచార్యుడైన వాగ్భటుడు అష్టాంగహృదయమున వృద్ధులను వ్యాయామము మానుమనియు, బలవంతులైనను సగము శక్తికి మించి శ్రమింపరాదనియు హెచ్చరించెను. విధినిషేధములు వేరైనను, శ్రమ శక్తికి లోబడి యుండవలెనను విషయమున ఉభయులకును భేదము లేదు.

ఈ వివేకమునకు వీథులలో నిలువనీడ యిచ్చినవి తాలీంఖానాలు. తెలుగు పల్లెలు గరిడి యని పిలుచుకొను సాముశాలకే ఇచ్చట ఈ పేరు. నూనె కలిపి, గడ్డలు చిదిపి, నిత్యము తిరుగవేసి మెత్తన చేసిన మట్టిగోదాలో పడుచువారు దండీలు, బస్కీలు తీసి, ముద్గరములు త్రిప్పి కుస్తీ పట్టుచుండగా, అంచున కూర్చుండిన వృద్ధ ఉస్తాదు ఎవని పాదము ఎచ్చట తడబడెనో కనిపెట్టి దిద్దుచుండెడివాడు. బెణికిన కీలును సవరించుట, మాలీషు చేయు తీరు నేర్పుట, కయ్యమునకు కాలుదువ్వువానిని మందలించుట కూడ ఆయన పనులే. నిజాము సైన్యమున కొలువునకై హద్రమౌత్ నుండి వచ్చిన అరబ్బుల సంతతి నివసించు బార్కస్‌లో, 1948 సెప్టెంబరున నిజాము రాజ్యము భారతదేశమున కలిసిన పిదప ఆ సైన్యము రద్దయి కొలువులు పోయినను, గోదా మాత్రము పోలేదు.

తాలీంఖానా వృద్ధులకు చేసిన మేలు కండబలమునకు సంబంధించినది మాత్రమే కాదు. ఇంట మాట చెల్లని వయస్సున సైతము తన రాకకై ఎదురుచూచు శిష్యులు కలరనియు, ఒకనాడు రాకున్నచో కబురు వచ్చుననియు ఎరిగిన పెద్దమనిషి, మోకాళ్ల నొప్పిని లెక్కసేయక వేకువనే చేతికర్రతో గల్లీ దాటివచ్చును; ఆ నడక ఆయనకు వ్యాయామము, ఆ పిలుపు ఆయనకు ధైర్యము. తాను ఇంకను అవసరమైనవాడనను విశ్వాసమే వార్ధక్యమున అన్నిటికన్న గొప్ప ఆరోగ్యమని నా దృఢమైన నమ్మకము.

అయితే ఈ గోదా గడప స్త్రీలకు మూసియుండెననుట కూడ చరిత్రయే. పురుషునకు తాలీంఖానాయు చాయ్‌ఖానాయు ఉండగా, ముసలితల్లులకు వంటయిల్లే లోకమాయెను. నగరపు నైరృతి దిశనున్న రాజేంద్రనగర్ చెంత, వాదీ-ఎ-మహమూద్‌లోని మస్జిద్-ఎ-ముస్తఫా స్త్రీలకై వ్యాయామశాలను నెలకొల్పుట ఆ లోటును పూడ్చుటకు పడిన మంచి అడుగు: నమ్మకమైన చోట, ఇరుగుపొరుగువారి నడుమ అయినచో, బిడియము తనంత తాను సడలును.

అరువదియైదేండ్లు దాటినవారు వారమునకు కనీసము 150 నిమిషములు దేహమును కదల్పవలెననియు, వారమున మూడు దినములైనను నిలకడకు, బలమునకు తగిన అభ్యాసములు చేయవలెననియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించినది. పడిపోవుదునను భయమే వృద్ధులను మంచమునకు కట్టివేయుచున్నది గనుక ఈ సూచన మిక్కిలి విలువైనది. కాని నిమిషముల లెక్క ఒక్కటే వారిని గడప దాటింపజాలదు. ప్రతి మొహల్లా ఒక ఆవరణను, ఒక వేళను ఏర్పరచి, నేర్పు పనిని కొంత వృద్ధులకే అప్పగింపవలెను. నేర్చుటకు మాత్రమే పిలిచినచో వారు కొన్నాళ్లు వత్తురు. నేర్పుటకు సైతము పిలిచినచో విడువక వత్తురు.