చూపు వచ్చెనా యని విచారించుట



మార్కు సువార్త 8వ అధ్యాయములో బేత్సయిదా గ్రుడ్డివాని వృత్తాంతము కలదు. ప్రభువు వానిమీద చేతులుంచి ఊరకుండలేదు. చూపు వచ్చినదో లేదో వానినే అడిగి తెలిసికొనెను. మసకగా నున్నదని వాడు చెప్పగా, మరల చేతులుంచి తేటయైన చూపు ననుగ్రహించెను. స్వస్థపరచుట కరుణ. ఆ స్వస్థత ఫలించెనా యని విచారించుటయు కరుణయే. ఈ రెండవ కరుణ మన ఆంధ్రదేశములో నడచిన త్రోవను గూర్చి కొంచెము వ్రాయుచున్నాను.

మిషను వైద్యులు మొదట చేసినది చేతులుంచు పనియే. శ్రీకాకుళము జిల్లా సోంపేటలో కెనడా బాప్తిస్టు మిషను డాక్టరు బెన్ గలిసన్‌గారు బీదల కండ్లకు శస్త్రచికిత్సలు చేయుచుండిరి. ఆయన సేవనుగూర్చి విని, కాల్గరీ పట్టణపు వ్యాపారి ఆర్ట్ జెంకిన్స్‌గారు 1963లో ఆపరేషన్ ఐసైట్ అను ధర్మసంస్థను స్థాపించిరి. అట్టి దానములవలన చూపు పొందినవారు అనేకులు.

అయితే ఎందరికి చూపు పోయినది, ఏ కారణమున పోయినది, శస్త్రచికిత్స తరువాత చూపు నిలిచినదా అను ప్రశ్నలకు ఆసుపత్రి గుమ్మమునొద్ద జవాబు దొరకదు. గుమ్మమువరకు రాలేనివాడు ఆ లెక్కలో చేరడు గదా! భారత ప్రభుత్వము 1976లో అంధత్వ నివారణకు జాతీయ పథకము ప్రారంభించినది. 1994లో ప్రపంచ బ్యాంకు అప్పుతో, మన రాష్ట్రము సహా ఏడు రాష్ట్రములలో శుక్లముల శస్త్రచికిత్సలను విస్తరింపజేసినది. కాని ఎన్ని శస్త్రచికిత్సలు జరిగెనను లెక్కయే ప్రధానమాయెను. ఎందరు చూచుచున్నారను లెక్క వెనుకబడెను.

బందరునుండి బెజవాడకు బస్సులో పోవునప్పుడు ఈడుపుగల్లు దాటుదుము. ఆ ఊరి బడిలో చదివిన డాక్టరు గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారు అమెరికానుండి తిరిగివచ్చి, సినిమా నిర్మాత ఎల్.వి. ప్రసాదుగారి కుటుంబమిచ్చిన స్థలముతోను ధనముతోను 1987లో హైదరాబాదులో కంటి వైద్య విజ్ఞాన సంస్థను స్థాపించిరి. అచ్చటి పరిశోధకులు లలిత్ దండోనా, రాఖీ దండోనా మొదలగువారు 1996 మొదలు 2000 వరకు హైదరాబాదు నగరములోను, పశ్చిమ గోదావరి, ఆదిలాబాదు, మహబూబునగరు జిల్లాల పల్లెలలోను 94 చోట్ల 10,293 మందికి కండ్లు పరీక్షించిరి.

ఆ ఖర్చు ఎవరిచ్చిరి? హైదరాబాదు కంటి పరిశోధన సంస్థతోపాటు జర్మనీలోని క్రిస్టోఫెల్ అంధుల మిషను ఇచ్చినది. అంధులను అనాథలను చేరదీయుటకు 1908లో తుర్కీ దేశపు మలాత్యకు బయలుదేరిన ఎర్నెస్ట్ క్రిస్టోఫెల్ అను పాదిరిగారి పేరిట నున్న మిషను అది. సంఘస్థుల కానుకలు ఆ విధముగా మన పల్లెల లెక్కకు వ్యయమైనవి.

ఆ లెక్క ఏమి చెప్పెను? నూటికి 1.84 మంది అంధులు. ఆ అంధత్వములో నూటికి 44 వంతులు శుక్లములవలన, 16.3 వంతులు దృష్టిదోషమువలన, అనగా చాలవరకు కళ్ళజోడుతో సరిపడు లోపమువలన! శస్త్రచికిత్స పొందియు చూడలేనివారును కనబడిరి. శుక్లముల మీదనే దృష్టి నిలిపిన ప్రభుత్వ విధానము చాలునా యని ఆ పరిశోధకులు 1998లోనే లాన్సెట్ అను వైద్య పత్రికలో ప్రశ్నించిరి. తరువాత ఆ సంస్థ సుమారు 50,000 మందికి ఒకటి చొప్పున పల్లెలలో దృష్టి కేంద్రములు నెలకొల్పుచు వచ్చినది. ప్రభుత్వములును 2018లో తెలంగాణలో, 2019లో ఆంధ్రప్రదేశ్‌లో కంటి వెలుగు పేరిట ప్రజల కండ్లు పరీక్షించి కళ్ళజోళ్ళు పంచినవి.

మన కృష్ణా జిల్లా ఆ పరీక్షలో చేరలేదు. కాని కొల్లేటి కావలనున్న పశ్చిమ గోదావరి చేరినది. ఆ కాలువలు, ఆ వరిచేలు, ఆ కూలి బ్రదుకులు మనవంటివే. దివిసీమలోగాని గుడివాడ పల్లెలలోగాని, వయసు మీరినది, ఇక ఇంతే యని అరుగుమీద కూర్చుండబెట్టిన ముసలమ్మకు కావలసినది కళ్ళజోడే యేమో! అడుగనిదే యెట్లు తెలియును?

శస్త్రచికిత్సకు ఇమ్మనిన మన చెయ్యి వెంటనే చాచుదుము. ఇంటింటికి తిరిగి కండ్లు పరీక్షించి వ్రాసికొనుటకు ఇమ్మనిన, కాగితములకా మన కానుకలని సణుగుదుము. కోతల పండుగకు తెచ్చిన ధాన్యములోను, తల్లులు వంటకు ముందు తీసిపెట్టిన గుప్పెడు బియ్యములోను ఈ పనికిని ఒక పాలు ఉండదగును. ఇచ్చునప్పుడు, ఎందరికి చేసితిరని మాత్రమే గాక, ఎందరు చూచుచున్నారని అడుగుడి. అడుగుట అవిశ్వాసము కాదు, ప్రభువే అడిగెను.

వచ్చే ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట సంఘ పెద్దలు ఒక పని చేయవలెను. కనబడక ఆరాధనకు రాని వారెవరు, శస్త్రచికిత్స జరిగియు తడుముకొనువారెవరు అని విచారించి, పేర్లు వ్రాసికొని, వారిని వైద్యునియొద్దకు తోడుకొనిపోవలెను. విచారించు ప్రేమను ప్రభువు మన సంఘములకు దయచేయునుగాక. ఆమేన్.