గద్దపిల్లల చికిత్స, విముక్తి

గాయపడియో గూటినుండి జాఱిపడియో మనుష్యుల చేతికి వచ్చిన గద్ద, డేగ, సాళువము మున్నగు వేటపక్షుల పిల్లలను స్వస్థపఱచి, స్వశక్తితో ఆహారము సంపాదించుకొనగలుగువఱకు పోషించి, మరల ఆకాశమునకు విడుచు ప్రక్రియ. సాధారణమైన పక్షిపోషణమునకును దీనికిని మూలమునందే భేదము కలదు. అచట పక్షి మచ్చికయగుట ఫలము, ఇచట అదియే హాని. మన పట్టణములపై నిత్యము గిరికీలు కొట్టు సామాన్యపు గద్దనే ఈ వ్యాసము ప్రధానముగా గ్రహించినది.

హిందూదేశపు గద్దకు ‘గోవింద’ యను ఉపజాతినామము 1832లో సైక్సు పెట్టినది. ఇది చాలవఱకు జనవరి, ఫిబ్రవరి మాసములలో రెండు లేక మూడు గ్రుడ్లు పెట్టును. పొదుగుటకు ఇంచుమించు ఒక మాసమును, పిల్ల గూడు విడుచుటకు మఱి ఆఱు మొదలు ఎనిమిది వారములును పట్టునని చెప్పవచ్చును. కావున పిల్లలు నేలబడు దినములు మండువేసవి దినములే; పెక్కింటిని గాయముకన్న ముందు దాహమే కృశింపజేయును. రెండవ శత్రువు గాలిపటపు మాంజా. ఢిల్లీలో గాలిపటముల వేడుక ఆగస్టు 15 ప్రాంతమున జరుగుటచే, ఎగురనేర్చి కొలది మాసములైన ఆ యేటి పిల్లలును దాని వాతబడుచుండును. తెలుగుదేశమున సంక్రాంతినాడు తెగునవి పెద్దపక్షుల రెక్కలే యయినను, కుళ్ళని నైలాను దారము కొమ్మలకు చిక్కి వేసవివఱకు నిలిచి, తొలిసారి గూడు దాటిన పిల్లలకు ఉరియగుట కలదు. జాతీయ హరిత న్యాయస్థానము 2017లో ఇట్టి దారమును దేశమంతట నిషేధించినను దాని వాడుక నేటికిని ఆగలేదు.

చికిత్సకు పూర్వము విచారింపవలసినది, ఆ పిల్లను తెచ్చుట అవసరమా యనునదే. రెక్కలు నిండి కొమ్మలమీద గెంతుచు నేలకు దిగిన పిల్ల తఱచు ఆరోగ్యవంతమే. తల్లిదండ్రులు చేరువనే యుందురు. మనుష్యుడు ముట్టిన పిల్లను తల్లి చేరనీయదను లోకవిశ్వాసమునకు ఆధారము లేదు. గూడు చెదరినచో వెదురుగంపలో పుల్లలు పఱచి అదే చెట్టునకు కట్టి పిల్లను అందుంచిన, తల్లి వచ్చి మేపుట పలుమాఱులు కనబడినది. ఎంతటి నిపుణుని పోషణకన్నను ఇదియే మేలు. వేటపక్షులను అటవీశాఖ యనుమతి లేక ఇంట నుంచుకొనుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు విరుద్ధమనియు ఎఱుగవలెను.

నిజముగా గాయపడిన పిల్లను తువాలుతో కప్పి, గోళ్ళు తగులకుండ కాళ్ళను ముందుగా పట్టుకొని, గాలియాడు అట్టపెట్టెలో చీకటియందుంచవలెను. ముక్కులో నీరు పోయరాదు, అది శ్వాసనాళమున జొచ్చి ప్రాణము తీయగలదు. వైద్యులు శరీరభారమున నూటికి 10 పాళ్ళ నీరు లోపించినదని తలచి ద్రవములు ఎక్కించిన పిమ్మటనే ఆహారమిత్తురు. భుజమునుండి మణికట్టువఱకు రెక్క అంచున సాగియుండు పలుచని చర్మము మాంజాచే తెగినపుడు కుట్టువేయుట సుకరమే గాని, కట్టు అధికకాలముంచిన ఆ చర్మము బిగుసుకొని రెక్క మరల పూర్తిగా విచ్చుకొనదు. కావున కొలది దినములకొకమాఱు కట్టు విప్పి రెక్కను మెల్లగా సాచుదురు. కీలునందు ఎముక విఱిగిన పక్షి ఎగురుట అరుదు.

ఆహారమున జరుగు ప్రమాదము దయవలన కలుగునది. ఎముక లేని మెత్తని మాంసమునే ప్రేమతో మేపినచో సున్నపు లోపముచే పిల్ల ఎముకలు వంగిపోవును. ఎలుకలను, కోడిపిల్లలను ఎముకలతో ఈయవలెను. పెరుగుచున్న దినములలో పస్తుపడిన పిల్ల ఈకలపై అడ్డముగా సన్ననిగీతలు ఏర్పడి, పిదప ఆ గీతలవద్దనే ఈకలు విఱుగును. విఱిగిన ఈకకాడలో సన్ననిపుల్ల దూర్చి, రాలిన వేఱొక ఈకను దానికి సరిగా అతుకుట డేగవేటకాండ్ర ప్రాచీనవిద్య; షేక్స్పియరు ‘రెండవ రిచర్డు’ నాటకమున దానిని రూపకముగా వాడుటచే 16వ శతాబ్ది చివర ఆంగ్లప్రేక్షకులకది పరిచితమని ఊహింపవచ్చును. మనదేశమునను కల్యాణి చాళుక్య సోమేశ్వరుని 12వ శతాబ్దపు ‘మానసోల్లాసము’ శ్యేనవినోదమును వర్ణించినది. డేగల ఆహారచికిత్సలను చెప్పు రుద్రదేవుని ‘శ్యైనికశాస్త్రము’ను హరప్రసాదశాస్త్రి 1910లో ప్రకటించెను. ఈ గ్రంథకాలమును కొందఱు 13వ శతాబ్దివఱకు వెనుకకు జరిపిరి గాని, కర్తను కుమావూనురాజగు రుద్రచంద్రునిగా గ్రహించి 16వ శతాబ్దియనుటే యుక్తముగా తోచుచున్నది.

విముక్తికి మేలైన మార్గమును చూపినదియు ఆ డేగవేటయే. పిల్లలను ఎత్తైనచోట నుంచి, రెక్క నిండినంతనే స్వేచ్ఛగా ఎగురనిచ్చి, ఆహారమును మాత్రము నియతస్థలమున పెట్టుచుండుటను ఆంగ్లేయులు ‘హ్యాకు’ అనిరి. పిల్లలను తెచ్చిన బండినుండి ఈ పేరు వచ్చినదని కొందఱందురు. మాంసముంచు పలకకు పేరని చెప్పుట అంతకన్న సహజము. డి.డి.టి. విషముచే గ్రుడ్లపెంకులు పలుచనై అమెరికాలో పెరెగ్రిన్ సాళువములు క్షీణింపగా, టామ్ కేడ్ బృందము 1974 మొదలు ఈ పద్ధతినే విడిచిన పిల్లలతో ఆ జాతి కోలుకొని, 1999లో అపాయజాతుల పట్టికనుండి తొలగింపబడినది.

గద్ద విషయమున మేడపైని పంజరపు కప్పు తెఱచి యుంచుట దీనికి తగిన రూపము. ఢిల్లీ వజీరాబాదున నదీమ్ షెహజాద్, మొహమ్మద్ సౌద్ అను సోదరులు గద్దలకు చేసిన శుశ్రూష శౌనక్ సేన్ నిర్మించిన 2022 నాటి చిత్రముచే లోకమునకు తెలిసినది. ఒంటరిగా పెరిగిన పిల్ల తన్ను మేపిన మనుష్యునే స్వజాతిగా తలచు ప్రమాదము కలదు గనుక, దానిని సజాతిపిల్లలతో కలిపి యుంచి, మేపువాడు ముఖము కనబఱుపక పలుకకుండుట విధి. పొడవైన పంజరమున అలసట లేక పలుమాఱు ఎగిరినపిమ్మట, వానలేని ఉదయమున కప్పు తెఱతురు. గూడు విడిచిన గద్దపిల్లను తల్లిదండ్రులే కొన్ని వారములు మేపుదురు గనుక, ఇచటను వడ్డన వెంటనే మానరాదు. పలకమీది మాంసము వరుసగా కొన్నిదినములు ముట్టబడక మిగిలినపుడే దానిని నిలుపుదురు.