వర్తకుడు తన విద్యారహస్యము నేల వెల్లడించును?

హైదరాబాదునుండి శ్రీశైలమునకు బోవు మార్గమున కందుకూరు కలదు. అమెజాను కంపెనీవారు తెలంగాణమున డేటాకేంద్రములను నెలకొల్పుదుమని 2020లో ప్రకటించినప్పుడు, అందులకు ఎన్నుకొన్న తావులలో షాబాదు మండలపు చందనవెల్లియు, కందుకూరు మండలపు మీర్ఖాన్‌పేటయు చేరియున్నవి. ఆ కంపెనీవారి హైదరాబాదు విభాగము 2022 నవంబరులో పని ప్రారంభించెను. ఇట్టి కేంద్రములందలి యంత్రములలో పెక్కింటిని నడపునది లినక్సు. దీనిని 1991లో ఫిన్లాండు దేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించెను. దాని సోర్సుకోడును ఎవ్వరైనను చదువవచ్చును, మార్చవచ్చును, పంచవచ్చును. కోట్లకొలది ధనము గడించు వ్యాపారము ఎల్లరకును తెఱచియుంచిన విద్యపై నిలిచియుండుట వింతగా దోచును. అంతకంటె వింత యేమనగా, వర్తకులే తమ సోర్సుకోడును లోకమునకు వెల్లడించుచుండుట. ఇది దానమా, వంచనయా? రెండును గాదని చరిత్ర చెప్పుచున్నది.

సోర్సుకోడనగా ప్రోగ్రాము వ్రాయువాడు మనుష్యులు చదువదగిన రీతిని వ్రాసిన వ్రాత. యంత్రమునకు కావలసిన రూపము వేఱు. దానిని జూచి మూలమును గ్రహించుట బహుకష్టము. వండిన పచ్చడి నమ్ముట యొకటి, పచ్చడి చేయు విధమును జెప్పుట మఱియొకటి. తొలిదినములలో ఈ విధమును దాచవలెనను తలంపే అంతగా లేదు. అమెరికాలో ఐ.బి.యమ్. యంత్రములను వాడువారు 1955లో షేర్ అను సంఘముగా నేర్పడి, తాము వ్రాసిన ప్రోగ్రాములను ఒండొరులకు ఇచ్చుకొనుచుండిరి. యంత్రమునకే వెల, ప్రోగ్రాము దానితో వచ్చునది. 1969లో ఐ.బి.యమ్. వారు ప్రోగ్రాములకు వేఱుగ వెల గట్ట నిశ్చయించిరి. వెల యేర్పడిన పిమ్మట దాచుట అలవాటయ్యెను. దీనిని నిరసించి రిచర్డు స్టాల్‌మన్ 1983లో గ్నూ ఉద్యమమును ప్రకటించెను. ఆయన వాదము ధర్మవాదము. వర్తకులు మాత్రము ధర్మవాదమునకు గాక అవసరమునకే చెవియొగ్గిరి.

ఆ యవసరము మొదట నెట్‌స్కేపు కంపెనీకి గలిగెను. ఇంటర్నెట్టును జూచు బ్రౌజరును అమ్మి ధనము గడించుచుండిన ఆ కంపెనీకి, మైక్రోసాఫ్టువారు తమ బ్రౌజరును విండోసుతో ఉచితముగా నిచ్చుటతో గడ్డుకాలము ప్రాప్తించెను. వెల లేని వస్తువుతో వెల గల వస్తువు పోటీపడుట యెట్లు? నెట్‌స్కేపువారు 1998 జనవరిలో తమ సంకల్పమును ప్రకటించి, మార్చి 31వ తేదీని సోర్సుకోడును వెల్లడించిరి. ఓపెన్ సోర్సు అను పేరు పుట్టినదియు ఆ యేటి ఫిబ్రవరిలోనే. ఇంత చేసినను కంపెనీ స్వతంత్రముగా నిలువలేదు. మఱుసటి యేడు అమెరికా ఆన్‌లైను వారి వశమయ్యెను. కాని త్రవ్వించినవారి యిల్లు కూలినను బావి నిలిచెను. ఆ మూలమునుండియే మొజిల్లా ప్రయత్నము సాగి, 2004లో ఫైర్‌ఫాక్సు వెలువడెను.

రెండవ హేతువు ఇంతకంటె లోతైనది. బండ్ల నమ్మువానికి బాట ఉచితముగా నుండుటయే లాభము. ఐ.బి.యమ్. వారు లినక్సుపై నూఱుకోట్ల డాలర్లు వెచ్చింతుమని ప్రకటించి 2001లో ఆ పనికి బూనుకొనిరి. వారమ్మునవి యంత్రములు, సేవలు. వానిని నడపు వ్యవస్థ చౌకయైనకొలది వారి సరకునకు గిరాకి హెచ్చును. సన్ కంపెనీవారు 1999లో స్టార్ ఆఫీసును గొని, 2000లో దాని సోర్సుకోడును బహిరంగపఱచిరి. ప్రతిపక్షి ధనాగారము ఏ వస్తువుపై ఆధారపడియున్నదో ఆ వస్తువును ఉచితముగా నిచ్చుటయు ఒక యుద్ధనీతియే గదా!

మూడవ హేతువు పోషణమునకు సంబంధించినది. రెడ్ హ్యాట్ కంపెనీ అమ్మినది కోడును గాదు; దానిని కాచి, సరిదిద్ది, ఆపదలో ఆదుకొందుమను హామీని. ఈ వ్యాపారము నిష్ఫలమని యనువారికి 2019లో ఐ.బి.యమ్. వారు మూడువేల నాలుగువందల కోట్ల డాలర్లకు ఆ కంపెనీని గొనుటయే సమాధానము.

ఈ కంపెనీవలన తెలుగువారికి గలిగిన మేలొకటి కలదు. మన ముద్రణాలయములలో చిరకాలము ఒక్కొక్క ఫాంటు కంపెనీ అక్షరములకు తనకు దోచిన సంకేతములను వాడెను. ఒక ఫాంటులో గూర్చిన గ్రంథము ఆ ఫాంటు లేనిచోట అర్థములేని గీతలై కనబడును. కంపెనీ అంతరించినచో గ్రంథమునకును అదేగతి. 1991లో యూనికోడు తెలుగునకు స్థిరసంకేతముల నొసగెను. రెడ్ హ్యాట్ వారు లోహిత్ ఫాంట్లను, తెలుగుతోకూడ, స్వేచ్ఛాలైసెన్సుతో విడుదల చేసిరి. భారతీయుల కార్యాలయములలో తమ వ్యవస్థ చెల్లవలెనన్న భారతీయాక్షరములు లేక సాగదు గదా! వారి స్వార్థము మన యవసరమును ఒకచోట కలిసికొనెను.

నాలుగవది మైక్రోసాఫ్టు కథ. ఆ కంపెనీ అధిపతి స్టీవ్ బాల్మర్ 2001లో లినక్సును రాచపుండుతో బోల్చెను. 2014 ఫిబ్రవరిలో హైదరాబాదున జన్మించిన సత్య నాదెళ్ల ఆ పీఠము నధిష్ఠించెను. ఆ నవంబరులో డాట్‌నెట్ సోర్సుకోడును వెల్లడింతుమని కంపెనీ ప్రకటించెను. ఓపెన్ సోర్సు రచయితలు గుమిగూడు గిట్‌హబ్‌ను 2018లో ఏడువందల యేబది కోట్ల డాలర్లకు గొనెను. ఇది యొక్కని హృదయపరివర్తనమని భ్రమింపరాదు. మార్పు నాదెళ్లకు ముందే మొదలై, 2012 నాటికే ఆ కంపెనీవారి యజూరుపై లినక్సు నడుచుచుండెను. ప్రతుల నమ్ముటకంటె యంత్రకాలమును అద్దెకిచ్చుట లాభమైనప్పుడు, అద్దెకుండువాడు ఏ మతమువాడైన నేమి?

ఐనను ఈ మార్గమున కంటకములు లేకపోలేదు. ఇలాస్టిక్‌సెర్చి అను అన్వేషణసాధనము 2010లో స్వేచ్ఛాలైసెన్సుతో బయలుదేఱెను. అమెజానువారు 2015లో దానిని తమ సేవగా అద్దెకిచ్చిరి. విత్తినవా డొకడు, కోసినవా డొకడు అని ఇలాస్టిక్ వారు నొచ్చుకొని 2021 జనవరిలో లైసెన్సును బిగించిరి. ఇచ్చిన హక్కునే వాడుకొంటిమని ఎదుటిపక్షము. అంతట అమెజానువారు వెనుకటి కోడునుండియే ఓపెన్‌సెర్చి అను శాఖను నిర్మించి, 2024లో లినక్సు ఫౌండేషనునకు అప్పగించిరి. ఆ యేడే ఇలాస్టిక్ వారును స్వేచ్ఛాలైసెన్సునకు మరల చోటిచ్చిరి. ఇందుండి తేలున దేమి? కంపెనీ మనసు మార్చుకొనవచ్చును. ఒకమారు స్వేచ్ఛాలైసెన్సుతో నిచ్చిన ప్రతిని మాత్రము వెనుకకు దీసికొనలేదు. మనకు రక్ష దాత సద్గుణము గాదు, దానపత్రము.

కావున విద్యావంతులగు గృహస్థులు ఈ విషయమును పరుల వ్యవహారమని త్రోసివేయరాదు. పిల్లల బడియు, ఊరి గ్రంథాలయమును, ప్రభుత్వ కార్యాలయమును సాఫ్టువేరును గొనునప్పుడు వెల యెంతయని యడుగుట చాలదు. మన వ్రాతలు ఏ రూపమున నిలుచును? అమ్మినవాడు రేపు లేకపోయినచో వానిని చదువగలమా? మఱియొకరిచే బాగుచేయించుకొను హక్కు గలదా? ఈ మూడు ప్రశ్నలును వేయవలెను. మఱియొకటి. తెఱచిన కోడు కాలిఫోర్నియా బాలునకెంతో కందుకూరు బాలికకును అంతే. కాని తెఱచిన పుస్తకము తానై చదువు చెప్పదు. యంత్రములకు భూమి నిచ్చుటతో మన పని తీఱలేదు. ఆ యంత్రములను నడపు వ్రాతను జదివి, తప్పు దిద్ది, తమవంతు చేర్పగల విద్యను మన పిల్లలకు నేర్పిననాడే ఆ బావినీరు మనకును దక్కును.