స్వాహిలీ భాష, ఉజామా గ్రామం: టాంజానియా జాతి నిర్మాణ చరిత్ర

1961 డిసెంబరు 9వ తేదీన టాంగన్యికా స్వతంత్ర దేశమైంది. ఆ సందర్భంగా ఆఫ్రికా ఖండంలోకెల్లా ఎత్తయిన కిలిమంజారో శిఖరంపై కొత్త జాతీయ పతాకాన్ని ఎగురవేసి, స్వాతంత్ర్య జ్యోతిని నిలిపారు. దేశంలో అప్పటి జనాభా సుమారు కోటి. నూట ఇరవైకి పైగా తెగలు, దాదాపు అన్ని భాషలు. ప్రజలలో అత్యధికులు నిరక్షరాస్యులు; మైదానాలలోను, కొండవాలులలోను చెదురుమదురుగా ఇళ్లు కట్టుకొని సేద్యం చేసుకొనేవారు. ఇంతటి వైవిధ్యం గల ప్రజలు ఒక జాతిగా రూపొందడమెట్లా? వారి జీవన ప్రమాణం మెరుగుపడడమెట్లా? ఈ రెండు ప్రశ్నలు కొత్త ప్రభుత్వం ముందు ఒకేసారి నిలిచాయి.

మొదటి ప్రశ్నకు ప్రభుత్వం భాషలోను, రెండవ ప్రశ్నకు గ్రామంలోను సమాధానం వెదికింది. భాషా ప్రయత్నం ఆఫ్రికాలో అరుదైన విజయాన్ని సాధించగా, గ్రామ ప్రయత్నం రైతును కుంగదీసింది. రెండింటికీ ఒకే నాయకుడు, ఒకే పక్షం, ఇంచుమించు ఒకే కాలం. అయినా ఫలితాలు ఇంత భిన్నంగా ఎందుకు ఉన్నాయో పరిశీలించడం వలసపాలన నుండి విముక్తి పొందిన దేశాలన్నింటికీ ప్రయోజనకరమైన విషయం.

వలసపాలన మిగిల్చిన వారసత్వం

టాంగన్యికాను 1880 దశకంలో జర్మనీ ఆక్రమించింది. దక్షిణ ప్రాంతాలలో రైతులచేత బలవంతంగా పత్తి సాగు చేయించడం 1905లో పెద్ద తిరుగుబాటుకు దారితీసింది. మంత్రజలం ఒంటిపై చల్లుకొంటే తుపాకీ గుండ్లు నీరైపోతాయన్న విశ్వాసంతో పరస్పరం సంబంధం లేని అనేక తెగలు ఏకమై పోరాడాయి. స్వాహిలీలో 'మాజీ' అంటే నీరు. అందువల్ల దానికి 'మాజీ మాజీ' తిరుగుబాటు అని పేరు వచ్చింది. 1907 నాటికి జర్మన్ సైన్యం దానిని అణచివేసింది. యుద్ధంకంటె, సైన్యం పంటలను తగులబెట్టడంవల్ల వచ్చిన కరవుకే ఎక్కువమంది బలి అయ్యారు. మృతుల సంఖ్య 75 వేలకు తక్కువ కాదని చరిత్రకారుల అంచనా. బలవంతపు సేద్యాన్ని ఆ నేల ఎన్నడూ సహించలేదనడానికి ఇది తొలి సాక్ష్యం.

మొదటి ప్రపంచ యుద్ధానంతరం ఈ దేశం నానాజాతి సమితి ఆదేశంపై బ్రిటన్ పాలనలోకి వచ్చింది. ఇద్దరు పాలకుల కాలంలోను విస్తరించినది ఒకటుంది: స్వాహిలీ భాష. తీర ప్రాంతంలో పుట్టిన ఈ భాషకు వ్యాకరణం బంటూ భాషలది. పదజాలంలో అరబ్బీ పాలు హెచ్చు. భారతీయ వర్తకుల ద్వారా చేరిన 'గారి', 'చపాతి' వంటి మాటలు కూడా అందులో ఉన్నాయి. ఏనుగు దంతాలు, బానిసలతో సాగిన బిడారు వ్యాపారం వెంట ఆ భాష దేశం లోపలికి పాకింది. జర్మన్లు తమ కింది స్థాయి పరిపాలనకు, పాఠశాలలకు దానినే వాడుకొన్నారు. ఇక్కడ గమనించదగిన విశేషమేమంటే, ఆ భాష దేశంలోని పెద్ద తెగలలో దేనికీ సొంతం కాదు. అందువల్ల దానిని స్వీకరించినంత మాత్రాన సుకుమాలు చగ్గాలకుగాని, చగ్గాలు సుకుమాలకుగాని తలవంచినట్లు కాదు.

మాటతో ఏకమైన జాతి

1954 జూలై 7న ఏర్పడిన టాంగన్యికా ఆఫ్రికన్ నేషనల్ యూనియన్ (టాను) ఈ భాషనే ఉద్యమానికి ఆయుధంగా చేసుకొంది. దాని నాయకుడు జూలియస్ నైరేరే 1922లో బుటియామాలో, జనకి అనే చిన్న తెగ నాయకుని కుమారుడుగా జన్మించాడు. మకెరెరె, ఎడింబరోలలో చదివి ఉపాధ్యాయుడయ్యాడు. ప్రజలు ఆయనను 'మ్వాలిము' అని పిలిచేవారు, పంతులుగారని అర్థం. దేశాధ్యక్షుడైన తరువాత కూడా ఆ పేరే నిలిచింది. చిన్న తెగకు చెందినవాడు కావడంవల్ల ఏ పెద్ద తెగ ఆధిపత్యానికీ ఆయన ప్రతినిధిగా కనిపించలేదు.

1967లో స్వాహిలీని ప్రభుత్వ భాషగా, ప్రాథమిక విద్యా మాధ్యమంగా స్థిరపరచారు. భాషాభివృద్ధికి జాతీయ మండలి ఏర్పడింది. నైరేరే స్వయంగా షేక్స్‌పియర్ నాటకాలు 'జూలియస్ సీజర్', 'మర్చంట్ ఆఫ్ వెనిస్'లను స్వాహిలీలోకి అనువదించాడు. పరిపాలనకు పనికివచ్చిన భాష కావ్యానికి కూడా చాలునని చూపడం ఆయన ఉద్దేశం. 1970ని వయోజన విద్యా సంవత్సరంగా ప్రకటించారు. 1973లో ఆరోగ్యంపై సాగిన రేడియో ప్రచారంలో సుమారు 20 లక్షలమంది గ్రామాలలో బృందాలుగా కూర్చొని పాఠాలు విన్నారు, మరుగుదొడ్లు తవ్వుకొన్నారు. 1967లో వయోజనులలో మూడింట రెండు వంతులమంది నిరక్షరాస్యులు కాగా, 1986 నాటి ప్రభుత్వ లెక్కల ప్రకారం ఆ సంఖ్య పదోవంతుకు తగ్గింది.

జాతీయత విషయంలో నైరేరే వైఖరి మొదటినుండీ స్పష్టమైనది. 1961 అక్టోబరులో పౌరసత్వ బిల్లుపై చర్చ జరిగినప్పుడు, ఆఫ్రికన్లకు మాత్రమే పౌరసత్వం ఇవ్వాలని కొందరు సభ్యులు పట్టుబట్టారు. ఆ వాదం నెగ్గితే ప్రభుత్వం రాజీనామా చేస్తుందని ఆయన ప్రకటించాడు. చర్మం రంగునుబట్టి పౌరసత్వాన్ని నిర్ణయించడం వలస పాలకుల నీతి అని ఆయన అభిప్రాయం. భారత సంతతికి చెందిన అమీర్ జమాల్ స్వతంత్ర దేశంలో చిరకాలం ఆర్థికమంత్రిగా పనిచేశాడు. అయితే 1971లో లక్ష షిల్లింగులకు మించిన అద్దె భవనాలను ప్రభుత్వం స్వాధీనం చేసుకొన్నప్పుడు నష్టపోయినవారిలో ఎక్కువమంది భారతీయ సంతతివారే. ఆ తరువాత అనేక కుటుంబాలు దేశం విడిచి వెళ్లాయి. ఆదర్శం ఎంత ఉదాత్తమైనదైనా, అమలులో అది అందరికీ ఒకే విధంగా తగలదు.

అరూషా ప్రకటన

1964 జనవరిలో జాంజిబార్‌లో విప్లవం జరిగింది. అదే నెలలో టాంగన్యికా సైన్యం తిరగబడగా, దానిని అణచడానికి బ్రిటిష్ సైనికుల సహాయం కోరవలసి వచ్చింది. ఏప్రిల్ 26న రెండు దేశాలు ఏకమై టాంజానియా అవతరించింది. 1965లో రాజ్యాంగం ఏకపక్ష వ్యవస్థను నెలకొల్పింది. ప్రతి నియోజకవర్గంలోను ఒకే పక్షానికి చెందిన ఇద్దరు అభ్యర్థులు పోటీపడే పద్ధతి అది. ఆ ఎన్నికలలో కొందరు మంత్రులు కూడా ఓడిపోయారు. కాని పక్షానికి వెలుపల నిలిచి ప్రభుత్వాన్ని ప్రశ్నించే తావు లేకపోయింది. విచారణ లేకుండా నిర్బంధించే చట్టం 1962 నుండే అమలులో ఉంది. ఈ లోటు ఎంత విలువైనదో పదేళ్ల తరువాత గాని తెలియలేదు.

1967 ఫిబ్రవరి 5న వెలువడిన అరూషా ప్రకటన సామ్యవాదాన్ని, స్వావలంబనను దేశ లక్ష్యాలుగా నిర్దేశించింది. మరునాడే బ్యాంకులను జాతీయం చేశారు. పక్ష నాయకులు, ఉన్నతాధికారులు కంపెనీలలో వాటాలు కలిగివుండరాదు, ఇళ్లు అద్దెకివ్వరాదు, ఒకటికి మించి జీతాలు తీసుకోరాదు. కొత్తగా స్వతంత్రమైన దేశాలలో అధికారం సంపాదనకు మార్గమవుతున్న రోజులలో ఈ నియమావళి ప్రపంచ దృష్టిని ఆకర్షించింది.

ప్రకటనకు హృదయం 'ఉజామా' అనే భావన. కుటుంబ భావం అని దాని అర్థం. ఉమ్మడి కుటుంబంలో అందరూ పనిచేసి, ఉన్నది పంచుకొన్నట్లే గ్రామం కూడా నడవాలని నైరేరే ఆశించాడు. చెదిరివున్న ఇళ్లు ఒకచోట చేరితే పాఠశాల, వైద్యశాల, మంచినీరు సమకూర్చడం సులభమవుతుంది. ఈ వాదంలో లోపమేమీ లేదు. అయితే ఆ గ్రామాలు ప్రజల ఇష్టంతోనే ఏర్పడాలని, నిర్బంధం కూడదని 1967లో నైరేరే స్వయంగా రాశాడు.

సమ్మతి నుండి నిర్బంధానికి

ఇష్టపూర్వకమైన గ్రామాలు అప్పటికే ఉన్నాయి. దక్షిణాన రువుమా ప్రాంతంలో 1960 దశకం తొలి సంవత్సరాలలో కొందరు యువకులు లిటోవా అనే చోట కలిసి సేద్యం ఆరంభించారు. క్రమంగా పదిహేనుకు పైగా గ్రామాలు కలిసి రువుమా అభివృద్ధి సంఘంగా ఏర్పడ్డాయి. తమ పాఠశాలను, తమ పనిపాటలను తామే సమావేశాలలో చర్చించి నిర్ణయించుకొనేవారు. నైరేరే వారిని మెచ్చుకొన్నాడు. కాని తమ ఆజ్ఞ లేకుండా తమంతట తామే నడిచే రైతులంటే స్థానిక అధికారులకు గిట్టలేదు. 1969 సెప్టెంబరులో టాను కేంద్రసంఘం ఆ సంస్థను రద్దుచేసి, ఆస్తులను స్వాధీనం చేసుకొంది. ఉజామా ఆదర్శానికి సజీవ నిదర్శనమైన సంస్థ ఉజామా పేరు చెప్పుకొనే పక్షం చేతిలోనే అంతరించింది.

అటుపై వ్యవహారం అధికారుల చేతికి వచ్చింది. ఇరింగా ప్రాంతంలోని ఇసిమానిలో వ్యక్తిగతంగా మొక్కజొన్న పండించే రైతులకు, ప్రాంతీయ కమిషనర్ విల్బర్ట్ క్లెరూకు మధ్య ఘర్షణ ముదిరింది. 1971 డిసెంబరు 25న, క్రిస్మస్ పండుగనాడు, పొలంలోనే ఒక రైతు ఆయనను కాల్చి చంపాడు. రైతుకు మరణశిక్ష పడింది. హెచ్చరికగా తీసుకోవలసిన ఈ సంఘటన నుండి ప్రభుత్వం గుణపాఠం నేర్చుకోలేదు.

1973 నవంబరులో, మూడేళ్లలోగా గ్రామీణులందరూ గ్రామాలలో నివసించడం తప్పనిసరి అన్న నిర్ణయం వెలువడింది. సైన్యం, పోలీసు, పక్ష కార్యకర్తలు కదిలారు. పలుచోట్ల ప్రజలు తిరిగి రాకుండా పాత ఇళ్లను తగులబెట్టారు లేదా కూలగొట్టారు. సామాను, పిల్లలు, వృద్ధులతో లారీలు రోడ్డు పక్కన దించిన చోటే కొత్త గ్రామం. 1976-77 నాటికి సుమారు కోటి 30 లక్షలమంది, ఏడు వేలకు పైగా గ్రామాలలో ఉన్నట్లు లెక్క తేలింది. కాఫీ, అరటి తోటలతో అప్పటికే జనసాంద్రత గల కిలిమంజారో, బుకోబా ప్రాంతాలను చాలావరకు మినహాయించారు. స్వతంత్ర ఆఫ్రికాలో అంతటి జన తరలింపు అంతకు పూర్వం జరగలేదు.

గ్రామస్థలాల ఎంపికలో అధికారులు చూసినది రోడ్డును. నేల స్వభావాన్ని, నీటివసతిని, పొలానికి నడిచే దూరాన్ని చూసినవారు తక్కువ. ఏ దిబ్బన ఏ పైరు నిలుస్తుందో, ఏ పల్లాన ఏ ఏడు నీరు చేరుతుందో తరతరాలుగా తెలిసిన రైతు, తనకు తెలియని నేలపైకి వచ్చిపడ్డాడు. ఆ నష్టాన్ని దక్షిణాది జీడిమామిడి తోటలు స్పష్టంగా చూపుతాయి. చెట్టును తరలించడం సాధ్యం కాదు. యజమాని మైళ్ల దూరంలోని గ్రామానికి పోగా తోటలు అడవి పట్టాయి. 1973-74లో లక్షా 45 వేల టన్నులున్న జీడిపిక్కల దిగుబడి 1986-87 నాటికి 20 వేల టన్నుల లోపుకు పడిపోయింది. తక్కువ ధరలు, చెట్లకు సోకిన తెగుళ్లు కూడా అందుకు తోడైనవి. 1974-75లో అనావృష్టి, చమురు ధరల పెరుగుదల కలిసివచ్చి, దేశం పెద్దయెత్తున ధాన్యం దిగుమతి చేసుకొంది.

రైతుకు మిగిలిన మరో ఆధారం సహకార సంఘం. కిలిమంజారో కాఫీ రైతులు 1933లోనే తమ సహకార సమాఖ్యను నెలకొల్పుకొన్నారు. విక్టోరియా సరస్సు తీరాన పత్తి రైతుల సంఘాలు ఆఫ్రికాలోనే పేరెన్నిక గన్నవి. 1976లో ప్రభుత్వం సహకార సమాఖ్యలన్నిటినీ రద్దుచేసి, పంటల కొనుగోలును ప్రభుత్వ సంస్థలకు అప్పగించింది. వాటి ఖర్చులు పెరిగినకొద్దీ రైతుకు దక్కే వాటా తగ్గింది. స్వాతంత్ర్యం నాటికి కిత్తనార ఉత్పత్తిలో ప్రపంచంలోనే అగ్రస్థానం వహించిన దేశం ఆ స్థానాన్ని కోల్పోయింది. ఇందులో కృత్రిమ నారల పోటీ పాలు కూడా ఉంది. స్వావలంబనను చాటిన దేశమే 1970 దశకంలో విదేశీ సహాయాన్ని అధికంగా పొందిన ఆఫ్రికా దేశాలలో ఒకటి కావడం చరిత్ర వైపరీత్యం.

వీడ్కోలు, పునర్విచారణ

1977లో తూర్పు ఆఫ్రికా సమాజం విచ్ఛిన్నమైంది. 1978లో ఉగాండా పాలకుడు ఇదీ అమీన్ కగేరా ప్రాంతాన్ని ఆక్రమించడంతో యుద్ధం అనివార్యమైంది. 1979 ఏప్రిల్‌లో టాంజానియా సేనలు కంపాలాలో ప్రవేశించి ఆ నియంతృత్వాన్ని అంతమొందించాయి గాని, ఖజానా వట్టిపోయింది. సబ్బు, వంటనూనె, బట్ట దొరకడమే గగనమైంది. ఆర్థిక సంక్షోభం తీవ్రం కావడంతో పాఠశాలలకు పుస్తకాలు కరవై, పిల్లల హాజరు తగ్గింది. భాష సాధించిన విజయాన్ని సైతం పొలం వైఫల్యం తాకింది. 1982లో సహకార సంఘాలకు చట్టం మళ్లీ ప్రాణం పోసింది.

1985లో నైరేరే అధ్యక్ష పదవినుండి స్వచ్ఛందంగా వైదొలగాడు. ఆనాటి ఆఫ్రికాలో అది అరుదైన విషయం. ఆయన తరువాత అలీ హసన్ మ్వినీ 1986లో అంతర్జాతీయ ద్రవ్యనిధితో ఒప్పందం చేసుకొన్నాడు. సహకార సమాఖ్యలను రద్దుచేయడం పొరపాటని నైరేరే ఆ తరువాత ఒప్పుకొన్నాడు. ఏకపక్ష వ్యవస్థను పునర్విమర్శించాలని 1990లో ఆయనే బహిరంగంగా సూచించాడు. విచారణ సంఘం ముందు ప్రతి అయిదుగురిలో సుమారు నలుగురు పాత పద్ధతినే కోరినా, మిగిలినవారి అభిప్రాయాన్ని గౌరవించి 1992లో బహుళపక్ష వ్యవస్థకు అనుమతి లభించింది. అయినప్పటికీ 1995 నుండి 2025 వరకు జరిగిన ఎన్నికలన్నింటిలోను దేశాధ్యక్ష పదవి పాత పాలకపక్షం వారసులకే దక్కింది. ప్రశ్నించే గొంతును చాలాకాలం వెలుపల ఉంచిన వ్యవస్థ, దానిని లోపలికి రానివ్వడానికి ఎంత జంకుతుందో దీనినిబట్టి ఊహించవచ్చు.

భారతదేశానికి ఆయనతో సన్నిహిత సంబంధం ఉంది. ఆయన అధ్యక్షతన పనిచేసిన దక్షిణ దేశాల కమిషన్‌కు ప్రధాన కార్యదర్శి డాక్టర్ మన్మోహన్ సింగ్. 1995లో నెలకొల్పిన గాంధీ శాంతి బహుమతిని తొలిసారిగా అందుకొన్నది నైరేరేయే. 1999 అక్టోబరు 14న ఆయన లండన్‌లో మరణించాడు.

పై చరిత్రను సమీక్షిస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. స్వాహిలీని ప్రభుత్వం సృష్టించలేదు. బిడారు దారులలో, అంగళ్లలో, ఉద్యమ సభలలో ప్రజలు తమంతట తాము నేర్చుకొన్న భాషకు బడిని, రేడియోను, గౌరవాన్ని సమకూర్చింది. ఇంట్లో తెగ భాష మాట్లాడుకోవడాన్ని ఎవరూ నిషేధించలేదు. గ్రామం విషయంలో ఇందుకు విరుద్ధంగా, ప్రజలు కట్టుకొన్న రువుమాను కూల్చి, కాగితంపై గీసిన గ్రామంలోకి వారిని తరలించింది. వద్దని చెప్పడానికి ప్రతిపక్షం లేదు, సహకార సంఘం లేదు, స్వతంత్రమైన పత్రిక లేదు. సదుద్దేశం గల నాయకునికి కూడా తప్పు జరుగుతున్నదని చెప్పేవారు కరవైనప్పుడు ఆ తప్పు కోటిమందికి పైగా ప్రజల జీవితాలను తాకింది.

టాను పక్షం పుట్టిన జూలై 7వ తేదీని ప్రపంచ స్వాహిలీ భాషా దినోత్సవంగా యునెస్కో 2021లో ప్రకటించింది. కోట్లాదిమంది ఆ భాషలో చదువుతున్నారు, రాస్తున్నారు, వాదించుకొంటున్నారు. ఉజామా గ్రామాలు నిలిచిన చోట్ల నేటికీ బడులు, బావులు ఉన్నాయి. ఉమ్మడి పొలాలు మాత్రం ఎప్పుడో ఎవరికి వారు పంచుకొన్నారు.