కుర్రం లోయకు ఒక్కటే దారి



గీతకు ఇవతల ఇల్లు, అవతల చుట్టాలు ఉండటమంటే ఏమిటో సరిహద్దు జిల్లాల మనకు ఒకరు చెప్పనక్కరలేదు. అయినా మనం బస్సెక్కి అవతలికి వెళ్ళి పెళ్ళిభోజనం చేసి రాగలం. అంత సులువు లేని ఒక కొండసీమ కథ ఈనాడు చెప్పుకుందాం.

పాకిస్తాన్ వాయవ్య భాగంలో, అఫ్గానిస్తాన్‌లోకి ముక్కులా పొడుచుకుపోయిన జిల్లా కుర్రం. అక్కడివారిలో ఎక్కువమంది పష్తో మాట్లాడే పఠాన్లు. మూడు దిక్కులా అఫ్గాన్ నేలే. ఉత్తరాన స్పిన్ ఘర్, అంటే వారి భాషలో తెల్లకొండ. అందులో సికారాం శిఖరం ఎత్తు 4,700 మీటర్లకు పైమాటే. ఆ మంచు కరిగి వాగులై దిగితేనే కింద వరి, మొక్కజొన్న పండేది, అక్రోటు, ఆపిల్ తోటలు పచ్చగా ఉండేది. లోయ మధ్య పారే కుర్రం నదే ఋగ్వేదంలోని 'క్రుము' అని పండితులంటారు.

1878 డిసెంబరులో పైవార్ కొత్తల్ కనుమ దగ్గర రాబర్ట్స్ సేన అఫ్గాన్ సైన్యాన్ని ఓడించింది. 1892లో ఆంగ్లేయులు లోయను తమ పాలనలోకి తీసుకున్నారు. మరుసటి ఏడే డ్యూరాండ్ రేఖ ఒప్పందం కుదిరింది. ఒకే భాష మాట్లాడే జనం రెండు రాజ్యాల కిందికి వెళ్ళారు.

ముఖ్యపట్టణం పారాచినార్. అక్కడి తూరీ తెగవారు షియాలు, చుట్టుపక్కల తెగలు ఎక్కువగా సున్నీలు. పొలం, నీరు, అడవి తగాదాలకు మతభేదం తోడైంది. పెషావర్‌కు పోవాలంటే థల్ మీదుగా ఒక్కటే రోడ్డు. అది ఎదుటివారి ఊళ్ళ గుండా సాగుతుంది. 2007లో గొడవలు ముదిరి ఆ దారి కొన్నేళ్ళు మూతపడింది. అప్పుడు పారాచినార్ వాళ్ళు సొంత దేశంలోని పెషావర్ చేరడానికి సరిహద్దు దాటి, కాబూలు చుట్టి వెళ్ళారు!

2018లో కుర్రం ఖైబర్ పఖ్తూన్‌ఖ్వా రాష్ట్రంలో కలిసింది. పాలన మారినా దారి భయం పోలేదు. 2024 నవంబరు 21న ప్రయాణికుల వాహనాలపై జరిగిన కాల్పుల్లో నలభైమందికి పైగా చనిపోయారు. దారి మూతపడి మందులకు, సరుకులకు కటకటలాడారు. పెద్దల సభను వారు జిర్గా అంటారు. ఆ జిర్గా పూనికతో 2025 జనవరి 1న రాజీ కుదిరింది. మూడు రోజులకే అదే దారిలో మళ్ళీ తుపాకి పేలింది.

మా తరగతిలో అట్లాసు తెరిచి ఈ లోయ చూపిస్తే, "ఇంకో రోడ్డు వేసుకోవచ్చుగా మాస్టారూ?" అన్నాడొక పిల్లవాడు. వేసినా అదీ ఎవరో ఒకరి ఊరి మీదుగా పోవలసిందే కదా! పొరుగువాడితో పొత్తు కుదరనిదే ఏ దారీ నిలవదు. సరిహద్దున బతికే మనకు ఈ మాట తెలియనిది కాదు.