కీటకాహార మొక్కలు - పెంపుడు కుక్కల భద్రత

కీటకాహార మొక్కలు అనగా పురుగులను ఆకర్షించి, పట్టుకొని, జీర్ణం చేసుకొని వాటినుండి నత్రజని, భాస్వరం వంటి పోషకాలను గ్రహించే మొక్కలు. వీటిని మాంసాహార మొక్కలు అని కూడా అంటారు. ఇంటిలో పెంచినపుడు వీటివలన కుక్కకు హాని కలుగుతుందా అనేది బోనుపై కాక, మొక్కలోని రసాయనాలపై ఆధారపడి ఉంటుంది.

విస్తరణ

పూర్వపు చిత్తూరు మరియు కడప జిల్లాలలో వ్యాపించిన శేషాచలం కొండలలో, తేమగల నేలలపై డ్రాసిరా బర్మాని, డ్రాసిరా ఇండికా అనే జాతులు పెరుగుతాయి. వీటి ఆకులపైనున్న నూగు చివర మంచుబిందువువంటి జిగురు ఉంటుంది. పురుగులు దీనికి అంటుకుంటాయి. కుండీలలో ఎక్కువగా పెంచే వీనస్ ఫ్లైట్రాప్ అమెరికాలోని ఉత్తర, దక్షిణ కరోలినా రాష్ట్రాలకు చెందినది.

బోను వలన హాని

వీనస్ ఫ్లైట్రాప్ ఆకుబోను సాధారణంగా 2 నుండి 3 సెం.మీ. పొడవుంటుంది. లోపలి నూగును సుమారు 20 సెకన్లలోపు రెండుసార్లు తాకితే అది మూసుకుంటుంది. కుక్క ముక్కును గాని, నాలుకను గాని గాయపరచగల బలం దానికి లేదు. పురుగును జీర్ణం చేసుకొనుటకే దానికి కొన్ని రోజులు పడుతుంది. ఆహారం దొరకకుండా బోను పదేపదే మూసుకుంటే మొక్కయే నీరసిస్తుంది.

విషప్రభావం

అమెరికాకు చెందిన జంతుసంరక్షణ సంస్థ ఏ.ఎస్.పి.సి.ఏ. వీనస్ ఫ్లైట్రాప్‌ను కుక్కలకు విషరహితమైన మొక్కల జాబితాలో చేర్చింది. అయినను ఏ మొక్కనైనా ఎక్కువగా తింటే కుక్కకు వాంతులు కావచ్చు.  డ్రాసిరాలో ప్లంబాజిన్ అనే రసాయనం ఉంటుంది. చిత్రమూలం వేరుకు చర్మాన్ని పొక్కించే గుణం ఈ రసాయనం వలననే కలిగింది. కావున డ్రాసిరాను కుక్కకు అందకుండా ఉంచడం మంచిది.

ఇతర మొక్కలతో పోలిక

పురుగులను తినని అలంకరణ మొక్కలలోనే అసలు ప్రమాదం ఎక్కువ. తోటలలో పెంచే సైకస్ రెవల్యూటాలోని సైకాసిన్ కుక్కల కాలేయాన్ని దెబ్బతీస్తుంది. దాని గింజలు మరింత విషపూరితం. శేషాచలం ప్రాంతానికే పరిమితమైన సైకస్ బెడ్డోమీ కూడా ఇదే ప్రజాతికి చెందినది. గన్నేరు మరియు పచ్చగన్నేరు మొక్కలలోని విషం గుండెపై పనిచేస్తుంది. కొద్ది మోతాదులోనే ఇది ప్రాణాంతకం కావచ్చు.

జాగ్రత్తలు

* కీటకాహార మొక్కల మట్టిలో ఎరువులు వేయరాదు. అవి మొక్క వేర్లకు హాని చేస్తాయి. ఎముకల పొడి వంటి ఎరువు వాసనకు కుక్కలు కుండీని తవ్వుతాయి.
* నత్తల మందులో వాడే మెటాల్డిహైడ్ కుక్కలకు తీవ్రమైన విషం. కుండీల వద్ద దానిని చల్లరాదు.
* శ్రీ వేంకటేశ్వర జాతీయ వనం (1989) వంటి రక్షిత ప్రాంతాలనుండి అనుమతి లేకుండా మొక్కలను తెచ్చుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

చికిత్స

కుక్క ఏదైనా మొక్కను తిన్నపుడు నోటిలో మిగిలిన ముక్కలను తీసివేసి, ఆ మొక్క కొమ్మను వెంట తీసుకొని పశువైద్యుని వద్దకు వెళ్ళాలి. వైద్యుని సలహా లేకుండా ఉప్పునీరు పట్టి వాంతి చేయించరాదు. ఉప్పు అధికమైతే అదే ప్రమాదకరం. తిరుపతిలో 1955లో స్థాపించిన పశువైద్య కళాశాల 2005 నుండి శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయంలో భాగంగా ఉన్నది. అక్కడ జంతువులకు చికిత్స లభిస్తుంది.